వాక్యానికి వదిలిన చోటు

నేను తీసిన ఫోటో ఒకటైనా మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో గోడకి వేలాడి ఉంటుంది. మీరు దాన్ని చూసి ఉండరు. గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో, పాలు ఏ రోజు పోయించుకోలేదో గుర్తు పెట్టుకోవడానికి దాని కిందున్న అంకెలు చూసి ఉంటారు. ఆ అంకెల పైన ఒక కొండో, చెరువో, చెట్ల వరసో ఉంటుంది కదా, అది నా పని. పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. అక్కడ ఫోటోగ్రాఫర్‌గా చేరాను, అది మూతపడేదాకా అక్కడే ఉన్నాను. క్రైస్తవ సంఘాలకి క్యాలెండర్లు, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక చర్చిలో పంచే వాగ్దాన కార్డులు వేసేవాళ్ళం. వాటి మీద బైబిలు మాట ఒకటి ఉంటుంది. మా ఇళ్ళలో దాన్ని వాక్యం అంటాం. ఆ వాక్యం వెనక ఉండే సీనరీలు తియ్యడమే నా ఉద్యోగం.

నా పేరు రూతు. ప్రెస్సులో అందరికీ రూతక్కని. ఫోటోగ్రాఫర్ని అనగానే పెళ్ళిళ్ళు తీస్తారా అని అడుగుతారు. మనుషుల్ని తియ్యనని చెప్తే అయ్యో అన్నట్టు చూస్తారు. ఆ చూపు చూసీ చూసీ ఇప్పుడు నవ్వొస్తోంది.

ఈ మధ్య అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలతో మాట్లాడమని పిలిచారు. మెట్రో మెట్లు దిగగానే ఎదురుగా కనిపించే బిల్డింగుల్లో అదొకటి. కింద టిఫిన్ సెంటరు, దాని పైన జావా, ఇంకా పైన ఇంటర్వ్యూలకి పనికొచ్చే ఇంగ్లీషు, చివరి అంతస్తులో ఫోటో ఎడిటింగు. బిల్డింగు ముఖం నిండా ఫ్లెక్సీలు కట్టేశారు కాబట్టి క్లాసు కిటికీ తెరిస్తే ఫ్లెక్సీ వీపు తప్ప ఏమీ కనపడదు. పట్టపగలు కూడా ట్యూబులైట్లే. అక్కడ పాఠం చెప్పే శ్రావణిది జగిత్యాల. చురుకైన పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"మేడం, మావోళ్ళు ఎగ్జిబిషన్ పెడుతున్నరు. మీరు సుత ఒక ఫోటో ఇయ్యాలె" అంది.

"ఒకటేంది, వందిస్త తీస్కో" అన్నాను.

"వందొద్దు మేడం, ఒక్కటే చాలు. కానీ మీ సొంతది గావాలె. ప్రెస్సోళ్ళు చెప్తే తీసింది గాదు. మీకోసం మీరు తీస్కున్నది."

అదెంత పని అని ఒప్పుకుని షేర్ ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. అటక మీద పెట్టెలు దింపించి, కింద నుంచి వెలుగొచ్చే పాత లైటు డబ్బా మీద స్లైడ్లు, అంటే ఫిల్ము ముక్కలు, పరుచుకుని కూర్చున్నాక గానీ అర్థం కాలేదు, నేనెంత తేలిగ్గా మాటిచ్చేశానో. ఎవరూ చెప్పకుండా, ఎవరికోసమూ కాకుండా తీసింది ఒక్కటీ కనపడలేదు. ఇన్నేళ్ళు కెమెరా మెడలో వేసుకుని తిరిగిన మనిషికి తనదని చెప్పుకునే ఫోటో ఒక్కటి లేకపోతే ఆ ఉద్యోగం ఏమైనట్టు? నిజం చెప్తున్నాను, ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్ల సంగతి రాయను. మా ప్రెస్సులో ఆ రెండూ చెప్పుకునేంత లేవు.

జానెడు ఖాళీ

మా యజమాని దానియేలు గారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను చేరిన కొత్తలో జూబ్లీహిల్స్ వైపు రాళ్ళగుట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరదాకా నింపి తీసుకెళ్ళాను. మెచ్చుకుంటారని నా నమ్మకం.

ఆయన కళ్ళజోడు పైకి జరిపి చూశారు. "బావుందమ్మా. వాక్యం ఎక్కడ వేద్దాం? ఈ రాళ్ళ మీద వేస్తే దేవుడికి తప్ప ఎవరికీ కనపడదు" అన్నారు.

పక్కన నరహరి కిసుక్కున నవ్వాడు. నరహరి మా దగ్గర పేజీలు పెట్టేవాడు. ఏ ఫోటో మీద ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో అతని చేతిలో ఉండేది. సిరిసిల్ల పద్మశాలీల పిల్లవాడు, బైబిలు చదవకపోయినా సగం వాక్యాలు నోటికొచ్చు. అతనే నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

"అక్కా, పైన జానెడు ఖాళీ ఇడువు. మొగులు సాఫ్‌గ ఉండాలె. తీగలుండద్దు, పిట్టలుండద్దు. పిట్ట అక్షరం పక్కన వాల్తె దీర్ఘమైతది."

మొగులంటే ఆకాశమని తెలుసు గానీ, పిట్ట మాట వేళాకోళం అనుకున్నాను. తర్వాత కొన్నాళ్ళకి తెల్లవారుజామున తీసిన ఒక కొండ ఫోటోలో ఆకాశంలో చిన్న చందమామ మిగిలిపోయాడు. పాలిపోయి ఉన్నాడు కదా అని నేను పట్టించుకోలేదు. ఆ కార్డు మీద వేయాల్సింది పది ఆజ్ఞల గురించిన మాట. పెద్ద అక్షరాలు. ప్రూఫు తీసేసరికి చందమామ సరిగ్గా 'ప'కీ 'ది'కీ మధ్య కూర్చున్నాడు. పది కాస్తా పంది అయింది. నరహరి ప్రూఫు తెచ్చి నా ముందు పెట్టాడు. దానియేలు గారు కోప్పడతారని నేను భయపడుతుంటే ఆయన కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత నేను చందమామను వాక్యం కార్డులకి వాడలేదు.

మీకు క్లాసుల్లో కంపోజిషన్ అని గీతలు గీసి చెప్తారు. మాకు ఉన్న పాఠం ఒక్కటే, ఖాళీ. కింద కొండ పెట్టు, పైన ఖాళీ వదులు. కింద నీళ్ళు పెట్టు, పైన ఖాళీ వదులు. ముందు అది చేతికి అలవాటైంది, ఆ తర్వాత కంటికి. ఏ ఊరు వెళ్ళినా, ఏ మలుపు తిరిగినా నా కన్ను ముందు ఆ జానెడు చోటే వెతికేది.

ఈ ఉద్యోగం నేనెందుకు పట్టుకుని వేలాడానో కూడా చెప్పాలి. మా అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. పంజాగుట్టలోనే ఒక్క గది ఇల్లు మాది. కిటికీ ఉండేది గానీ తెరిస్తే ఎదురింటి గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గర. చర్చిలో ఇచ్చిన క్యాలెండరును అమ్మ ఆ కిటికీ పక్కన మేకుకి తగిలించేది. ఏడాది అయిపోయినా పారెయ్యనిచ్చేది కాదు. అంకెల ముక్క కత్తిరించి బొమ్మ ఉంచేది. ఆ గదిలో దూరంగా ఉన్నది ఏదైనా కనపడిందంటే ఆ బొమ్మలోనే. వేసవి సెలవుల్లో నేలమీద పడుకుని దాన్నే చూసేదాన్ని. బొమ్మలో పై భాగమంతా లావు అక్షరాలు కప్పేసి ఉండేవి.

"అమ్మా, అక్షరాల వెనక ఏమున్నదే?" అని అడిగాను ఒకసారి.

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. "ఆకాశముంటది. ఇంకేముంటది?"

గుర్రపుడెక్క

ఒక ఏడాది ఒక పెద్ద సంఘం వాళ్ళు పచ్చిక బయలు కావాలన్నారు. కాపరి తన గొర్రెని పచ్చికలో పడుకోబెట్టాడని చెప్పే కీర్తన ఒకటుంది, క్రైస్తవుల ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు. ఆ కీర్తనలోని మాటకి సీనరీ. మన దగ్గర మే నెలలో పచ్చిక ఎక్కడ దొరుకుతుంది? ఊటీ పంపించమంటే దానియేలు గారు వినిపించుకోలేదు.

నగర శివారులో ఒక చెరువు నాకు తెలుసు. చెరువుల్ని మింగేసే కలుపు, గుర్రపుడెక్క, పట్టి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తివాచీ పరిచినట్టు ఉండేది. కట్ట మీద నుంచుని కొంచెం కిందికి వంగి, నీళ్ళు ఎక్కడా కనపడకుండా తీస్తే అచ్చం పచ్చిక బయలే. పైన జానెడు ఖాళీ కూడా కుదిరింది. ఫోటో చూసి దానియేలు గారు "ఎక్కడమ్మా ఇది, కొడైకెనాలా?" అన్నారు. నేను చెప్పాను. ఆయన "దూరం నుంచి చూస్తే పచ్చికేగా" అని ఒప్పుకున్నారు. నేను కూడా అదే అనుకున్నాను.

క్యాలెండర్లు పంచిన వారం తిరక్కుండా ఒక పెద్దాయన ప్రెస్సుకి వచ్చాడు. ఆ సంఘం మనిషే. చుట్ట చుట్టిన క్యాలెండరును బల్ల మీద విప్పి పెట్టాడు.

"అమ్మా, గిది మా చెరువు. మా ఇల్లు గా కట్ట కిందనే. ఎవలను పచ్చిక అని నమ్మిస్తున్నరు?"

దానియేలు గారు ఏదో సర్దిచెప్పబోయారు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, నాకు కోపమేం లేదు. ఒక్క మాట జెప్పుండ్రి. గిండ్ల గొర్రెను పండవెడితే మళ్ళ లేస్తదా?"

నరహరి లోపలికి పరిగెత్తాడు, నవ్వు ఆపుకోలేక. నాకు మాత్రం నవ్వు రాలేదు. తన చెరువు చచ్చిపోవడాన్ని ఆయన ఏడాదంతా వంటింట్లో గోడ మీద చూసుకోవాలి, దాని మీద ఆ కీర్తన. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. ఆయన వెళ్ళేముందు దానియేలు గారు టీ తాగించి, మాదే పొరపాటని నోటితో అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో ఏడాదంతా చూసే బొమ్మమ్మా ఇది. ఒక్క పూట మోసపోతారు, ఏడాదంతా మోసపోరు" అన్నారు. ఆయన చెప్పిన వాటిలో ఇప్పటికీ నేను మర్చిపోని మాట అది. ఉన్నదాన్ని ఉన్నట్టు తియ్యండి పిల్లలూ. గుర్రపుడెక్క తీసినా తప్పులేదు, దాన్ని గుర్రపుడెక్క అని చెప్పి తియ్యండి.

నల్ల గొర్రెలు

"ఈసారి నిజం గొర్రెలు, నిజం కాపరి" అన్నారు దానియేలు గారు మరుసటి ఏడాది. సరేనని నేనూ మా ఆయనా స్కూటరు మీద చేవెళ్ళ దాటి పోయాం. మా ఆయన జయరాజుకి మాసబ్ ట్యాంకులో ఒక ఆఫీసులో గుమాస్తా పని. సెలవు రోజుల్లో నాకు గొడుగు పట్టేవాడు. వాన కోసం కాదు, లెన్సు మీద ఎండ పడకుండా. నా మంచి ఫోటోలు చాలావాటికి గొడుగు పట్టింది అతనే. ఆ గొడుగు ఏ ఫోటోలోనూ కనపడదు.

దారి పక్కన ఎర్ర నేల మీద ఒక మంద కనపడింది. వెనక గుండ్రాళ్ళ గుట్ట, పొద్దు ఇంకా వాలుగా ఉంది. కాపరి పేరు మల్లయ్య. భుజాన గొంగడి, చేతిలో కర్ర. గొర్రెలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక్క తెల్లది లేదు.

"అన్నా, గీ గొర్లన్ని నల్లగనే ఉన్నయేందే?" అని అడిగాడు జయరాజు.

మల్లయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "మరెట్లుంటయి సారూ? నల్ల ఉన్నితోనే గొంగడైతది. తెల్లయి గావాల్నంటే ఆంధ్ర దిక్కు పోవాలె."

అక్కడ కూర్చుని చాలాసేపు తీశాను. గొర్రెలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. మల్లయ్య మమ్మల్ని పట్టించుకోవడం మానేశాడు. ఒక దగ్గర గొర్రెలు తలలు దించి మేస్తుంటే అతను ఎటో చూస్తూ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. గుట్ట వెనక ఆకాశం ఎత్తుగా, నిండుగా ఉంది. నేను బటను నొక్కాను. ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు మీద పాటలు పాడుకుంటూ వచ్చాం. పని అంత బాగా కుదిరిన రోజు ఇంకొకటి నాకు గుర్తులేదు.

ప్రెస్సులో దానియేలు గారు ఫోటో చూసి నోరు తెరిచారు.

"ఏంటమ్మా రూతూ ఇది? గొర్రెలు నల్లగా ఉన్నాయేంటి?"

"గట్లనే ఉంటయి సార్, మా దిక్కు" అన్నాడు నరహరి.

"మీ దిక్కు ఉంటాయయ్యా. నా సంఘాలవాళ్ళు ఊరుకుంటారా? నల్ల గొర్రె అంటే చెడిపోయినవాడని ఎవరో ఒకాయన ప్రసంగం మొదలెడతాడు."

"మీరే గదా సార్ నిజం గొర్రెలన్నరు" అన్నాను.

"నిజమే కావాలమ్మా. కానీ జనం మనసులో ఉన్న గొర్రెకి దగ్గరగా ఉండే నిజం కావాలి."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. అప్పటికి ప్రెస్సులోకి కంప్యూటరు వచ్చింది. ఆ గొర్రెల్ని తెల్లగా చెయ్యగలవా అని ఆయన నరహరిని అడిగారు. నరహరి ఒక రోజంతా కుస్తీ పట్టాడు. సాయంత్రానికి మల్లయ్య చుట్టూ దూది బస్తాలు దొర్లుతున్నట్టు తయారైంది. దానియేలు గారు కూడా తల అడ్డంగా ఊపారు. చివరికి ఎక్కడో మంచు కొండల కింద తెల్ల గొర్రెలున్న విదేశీ బొమ్మ ఒకటి తెప్పించి వేశారు. క్యాలెండర్లు బాగానే అమ్ముడుపోయాయి. నా స్లైడు డబ్బాలో పడింది.

దానియేలు గారిని తప్పు పట్టమని నేను చెప్పడం లేదు. ఎవరి దగ్గర ఏం అమ్ముడుపోతుందో ఆయనకి తెలుసు, ప్రెస్సు నడిచిందంటే ఆ తెలివి వల్లనే. కానీ పిల్లలూ, మీరు ఉద్యోగంలో చేరాక మీ బాసు కన్ను మీ కన్ను అయిపోతుంది. అది మంచిది కూడా, పని నేర్పుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఇది నా కన్నేనా అని అడిగి చూసుకోవాలి. నేను అడగలేదు. శ్రావణి అడిగేదాకా నాకా ఆలోచనే రాలేదు.

లైటు డబ్బా ముందు

లైటు డబ్బా ముందు కూర్చున్నప్పుడు మొదట నా చేయి ఆ నల్ల గొర్రెల స్లైడు కోసమే పోయింది. అడిగినవాళ్ళే వద్దన్నది, ఎవరూ తీసుకోనిది. కాబట్టి నాదే అవ్వాలి కదా అనుకున్నాను. పైకెత్తి చూశాను. పైన జానెడు ఖాళీ. సరిగ్గా నరహరి చెప్పినట్టు. తీగ లేదు, పిట్ట లేదు, నున్నటి ఆకాశం. ఆ రోజు అంత సంతోషంతో, నన్ను నేను మర్చిపోయి తీశాననుకున్న దాంట్లో కూడా వాక్యానికి చోటు వదిలేశాను.

ఇంటి ఫోటోలు బయటికి తీశాను. పెళ్ళైన కొత్తలో ట్యాంక్‌బండ్ మీద జయరాజు. అతని తల ఫోటోలో సగానికి కింద ఉంది, పైనంతా ఖాళీ. మా అమ్మ చివరి పుట్టినరోజు. కేకు, అమ్మ, మిగతా అంతా గోడ. నా పెద్ద మనవరాలి మొదటి అడుగులు. ఆ పిల్ల ఫ్రేము అడుగున చీమలా ఉంది.

జయరాజు టీ తెచ్చి పక్కన పెట్టాడు. తన ఫోటో ఎత్తి చూశాడు.

"ఏమే రూతూ, నా నెత్తి మీద ఏ వాక్యం వేద్దామనుకున్నవ్?"

అతను నవ్వించాలనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "నా దగ్గర నాదనేది ఒక్కటి లేదు. నా కన్ను ప్రెస్సోళ్ళ దగ్గరనే ఇడిచిపెట్టి వచ్చిన" అన్నాను. అతను ఆ గొర్రెల స్లైడును లైటుకి పెట్టి చూస్తూ కూర్చున్నాడు. "మల్లయ్య ఎటు చూస్తుండో ఆ దినం సుత నాకు సమజ్ కాలే" అన్నాడు చివరికి.

వేరే దారి లేక ఆ స్లైడునే శ్రావణికి ఇచ్చాను. సంగతి కూడా చెప్పాను. ఆమె స్కాన్ చేసి తెర మీద పెట్టింది. ఆ రోజు నరహరి కూడా వచ్చాడు, లక్డీకాపూల్‌లో ఏదో పని చూసుకుని.

"గంతేనా మేడం? ఫికర్ జెయ్యకుండ్రి. పైన క్రాప్ చేస్తే ఖతం" అంది శ్రావణి. మౌసుతో పై అంచు పట్టుకుని కిందికి లాగింది. ఆకాశం పోయింది. గొర్రెలు పెద్దవయ్యాయి, మల్లయ్య ముఖం స్పష్టంగా కనపడింది. పత్రికలో వేసుకోదగ్గ ఫోటో.

"మస్తుంది" అంది శ్రావణి.

నాకు ఏదో మూసేసినట్టు అనిపించింది. "వద్దు, వెనక్కి తీస్కపో. అట్లనే ఉండనీ" అన్నాను. ఎందుకని శ్రావణి అడిగింది.

నరహరి తెర దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం అరచెయ్యి చాపి ఆ పై భాగాన్ని కొలిచాడు. "అక్కా, నువ్వు ఖాళీ ఇడువుడు నేర్చినంక నాకు పని అల్కగైంది. కానీ ఒక మాట చెప్పనా? వేరేటోళ్ళ ఫోటోల ఖాళీ ఉత్త ఖాళీ. నీ దాంట్ల అక్షరం పెట్టాల్నంటే ప్రతిసారి జర మనసొప్పకపోయేది."

ఇన్నేళ్ళలో ఆ మాట నాతో ఎందుకు అనలేదని అడిగాను.

"నౌకరి గదక్కా" అన్నాడు.

ఆదివారం

ఎగ్జిబిషన్ ఆదివారం మధ్యాహ్నం, చర్చిలు అయిపోయాక. క్లాసు గోడలన్నీ పిల్లల ఫోటోలతో నింపారు. హాస్టలు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, మెట్రో స్తంభాల కింద పడుకున్న కుక్కలు, టీ కొట్టు ఆవిరి. బాగున్నాయి. నా ఫోటో ఎక్కడ పెట్టాలో తెలియక శ్రావణి దాన్ని కిటికీ పక్కన తగిలించింది. ఆ కిటికీ తెలుసు కదా మీకు, తెరిస్తే ఫ్లెక్సీ వీపు.

నేను కొంచెం వెనక్కి నడిచి చూశాను. మూసుకుపోయిన కిటికీ, దాని పక్కన మేకుకి ఒక సీనరీ. ట్యూబులైటు వెలుతురు. మా పంజాగుట్ట గది నా కళ్ళ ముందుకొచ్చింది. నేల మీద పడుకుని పైకి చూసే పిల్ల గుర్తొచ్చింది. అక్షరాలు పక్కకి జరిగితే బాగుండునని, వాటి వెనక ఏముందో చూడాలని ఆ పిల్లకి ఎంత కోరికగా ఉండేదో అదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. దానియేలు గారు ఖాళీ వదలమన్నది వాక్యం కోసం. నేను వదిలింది మాత్రం ఆ పిల్ల కోసం. అందుకే రాళ్ళ దగ్గరా, చెరువుల దగ్గరా ఆకాశం తేరుకునేదాకా గంటలు గంటలు కూర్చున్నాను. ఏ యజమానీ అంతసేపు కూర్చోమని చెప్పలేదు. ప్రెస్సు నా కన్ను తీసుకుందని ఏడ్చాను గానీ, నా కన్నే ప్రెస్సుని వెతుక్కుంటూ వెళ్ళింది. నాకు చాలా సంతోషం వేసింది. జయరాజు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను, ఏమైందని అతను కంగారు పడ్డాడు.

అంతలో నరహరి దానియేలు గారిని ఆటోలో తీసుకొచ్చాడు. ఆయనిప్పుడు బాగా పెద్దవారైపోయారు, చెవులు సరిగ్గా వినపడవు. చొక్కా మాత్రం అదే తెలుపు. పిల్లల ఫోటోలన్నీ ఒక్కొక్కటీ మర్యాదగా చూసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చి ఆగారు.

"ఇవి ఆ నల్ల గొర్రెలు కదూ?"

"అవును సార్."

"బావున్నాయమ్మా. అప్పుడూ బావున్నాయి" అన్నారు. కళ్ళజోడు పైకి జరిపి, పాత పద్ధతిలో చెయ్యి ఎత్తి ఫోటో పై భాగం చూపించారు. "బోలెడు చోటు వదిలావు. ఏ వాక్యం వేద్దామంటావు?"

అందరూ మా వైపు చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆయనకి నేను ఎప్పుడూ చెప్పని మాట చెప్పాను.

"వద్దు సార్. ఏం వెయ్యద్దు."

ఆయనకి వినపడలేదేమో, ఫోటోకి ఇంకా దగ్గరగా జరిగి, ఆ జానెడు చోటును కళ్ళు చికిలించి వెతికారు. "ఏముందమ్మా మరి ఇక్కడ?" అని గట్టిగా అడిగారు.

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను.

"ఆకాశముంటది సార్" అన్నాను. "ఇంకేముంటది?"